దిగినవాళ్ళ బోర్డు

పొద్దున్నే మ్యూజియం తలుపు తెరుచుకోగానే ఖెతివే మొదట పలకరించేది ఇన్‌ఛార్జి గవెండర్ మాస్టారిని కాదు. చేతిసంచి కుర్చీలో పడేసి, నేరుగా, ఒకప్పుడు గనివాళ్ళు దీపాలు తీసుకున్న ల్యాంపు గదిలోకి పోయి, గోడకున్న పెద్ద చెక్కబోర్డు ముందు నిలబడి, "సాబోనా, మచింగ్వానే. రాత్రి చలిగా ఉందా కింద?" అని ఎవరికీ వినబడకుండా గొణుగుతుంది. సాబోనా అంటే బాగున్నావా అన్నట్టు పలకరింపు, మచింగ్వానే అంటే ఎంచును వంశంవాళ్ళని మర్యాదగా పిలిచే పిలుపు. జవాబు రాదు. వచ్చినట్టే తల ఊపి, దుమ్ము గుడ్డ తీసుకుని పనిలో పడుతుంది.

బొగ్గుగని మూతబడ్డాక మా డన్‌మోర్ ఊళ్ళో మిగిలినవి సారా దుకాణాలూ ఈ మ్యూజియమూ. దుకాణాలకు జనం కొదవ లేదు. మ్యూజియానికి మాత్రం బడిపిల్లలూ, దారి తప్పిన కారులవాళ్ళూ తప్ప ఎవరూ రారు. అందుకే చూపించి చెప్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత దానికి లేదు. ఉచితంగా చేస్తామని మొదట్లో ముగ్గురు నలుగురు వచ్చారు గానీ, చలికాలం రాగానే ఒక్కొక్కరే జారుకున్నారు. ఖెతివే మాత్రం ఉండిపోయింది. ఆవిడకు చరిత్రంటే ప్రాణమని గవెండర్ మాస్టారు అందరికీ చెబుతుంటాడు. మాస్టారు మంచివాడు, పుస్తకాల మనిషి. ఆయనకు అర్థమయింది అంతే.

బడిపిల్లలు వస్తే ఆవిడ గొంతు మారిపోయేది. పారలు, తట్టలు, ఇనుప టోపీలు చూపించి, కుర్రాళ్ళను ఏడిపించి, చివరికి ల్యాంపు గదికి తీసుకొచ్చేది. అక్కడ రెండు బోర్డులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి దిగినవాళ్ళది, ఇంకోటి ఎక్కినవాళ్ళది. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. గనిలోకి దిగేముందు దాన్ని దిగినవాళ్ళ బోర్డు మీద మేకుకు తగిలించేవాడు. పైకొచ్చాక తీసి రెండో బోర్డుకు తగిలించి ఇంటికి పోయేవాడు. కింద ఇంకా ఎవరున్నారో తెలియాలంటే టైంకీపరు ఒకసారి తలెత్తి చూస్తే చాలు.

"మరి ఇవెందుకు ఇక్కడే ఉన్నాయి మామ్మా?" అని ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు. దిగినవాళ్ళ బోర్డు మీద ఇంకా వేలాడుతున్న బిళ్ళల గురించే ఆ ప్రశ్న. గనిలో గ్యాసు అంటుకున్న రోజు కింద ఉన్నవాళ్ళవి అని ఖెతివే చెప్పేది. మంటలు ఆర్పడానికి కంపెనీ గని నోటిని సిమెంటుతో మూసేసింది. మనుషులు లోపలే ఉండిపోయారు. తర్వాత కంపెనీ వెళ్ళిపోయింది, కాగితాలూ పోయాయి, నంబర్లు మిగిలాయి. నంబరు తెలిసిన కుటుంబాలు వచ్చి చెబితే ఆ మేకు కింద మాస్టారు పేరు చీటీ అంటించాడు. తెలియనివి ఉత్త నంబర్లుగానే ఉన్నాయి.

నాలుగు వందల పదిహేడు కింద చీటీ లేదు. ఆ బిళ్ళ ఎవరిదో ఈ భూమ్మీద తెలిసింది ఖెతివే ఒక్కదానికే. ఆవిడ చెప్పలేదు. ఎవరికీ అనుమానం రాకూడదని అన్ని బిళ్ళలనూ ఒకేలా తోమేది.

ఆ బిళ్ళ వెలాఫి ఎంచునుది. వయసులో ఉన్నప్పుడు ఖెతివే గని గేటు దగ్గర వేడివేడి గ్వీన్యాలు, అంటే గోధుమపిండి బోండాలు, వేయించి అమ్మేది. వెలాఫి ఎంసింగా కొండల నుంచి పనికొచ్చినవాడు. మొదట గ్వీన్యాలు కొనడానికి వచ్చాడు, తర్వాత కబుర్లకు వచ్చాడు, ఆ తర్వాత పెట్టె పట్టుకుని ఆవిడ గదికే వచ్చేశాడు. ఎంసింగాలో అతనికి భార్య ఉంది. ఆ భార్యకోసం మామగారింటికి ఆవుల్ని తోలాడు. ఖెతివే తండ్రి ఇంటికి తోలింది ఏమీ లేదు, అందుకని లోకం లెక్కలో ఆవిడ భార్య కాదు. అయినా అతనికి సంకటి కెలికింది ఆవిడే, బొగ్గు పట్టిన చొక్కాలు ఉతికింది ఆవిడే. తీగమీద ఆరేసిన బట్టలు దొంగలు ఎత్తుకుపోతుంటే, చొక్కా కాలరు లోపల ఎర్రదారంతో 417 అని కుట్టింది కూడా ఆవిడే.

ప్రమాదం జరిగినప్పుడు ఎంసింగా నుంచి బంధువులు బస్సు కట్టించుకుని వచ్చారు. కంపెనీ డేరాలో చాపలు పరిచి భార్యలను కూర్చోబెట్టారు. ఖెతివే కూడా భుజాన దుప్పటి కప్పుకుని వెళ్ళింది. పొడుగు కోటు వేసుకున్న వెలాఫి తమ్ముడు అడ్డం వచ్చి, ఇది భార్యలు కూర్చునే చోటు, గ్వీన్యాలు అమ్ముకునేవాళ్ళ చోటు గేటు బయట అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగింది. మొగుడు పోయినదానికి నల్లబట్ట కట్టాల్సింది అత్తింటివాళ్ళు, ఏడాది తిరిగాక విప్పాల్సింది కూడా వాళ్ళే. ఖెతివేకు కట్టినవాళ్ళు లేరు కనక విప్పినవాళ్ళూ లేరు. ముప్పై ఏళ్ళయినా ఆవిడ ఏడుపుకు ఒక మొదలూ లేదు, చివరా లేదు. గని ఆఫీసును మ్యూజియం చేసి బోర్డులు పెడుతున్నారని తెలిసిన రోజే వచ్చి, జీతం అక్కర్లేదు, పని ఇవ్వండి అని మాస్టారిని అడిగింది.

ఆగస్టు నెల, మా వైపు చలికాలం చివర, ఊరంతా బొగ్గుదుమ్ము రేగే గాలి. ఆ రోజు ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. ముందున్నది పొడుగు కోటులో ఒక ముసలాయన. వెనక ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు రెండు చేతులతో రేగుకొమ్మ పట్టుకుని నడుస్తున్నాడు. ఒక ముల్లు నిటారుగా ముందుకూ, ఒక ముల్లు వంగి వెనక్కూ చూస్తుండే అడివిరేగు కొమ్మ అది. చచ్చిపోయినవాళ్ళ ఆత్మను ఇంటికి తీసుకెళ్ళడానికి తప్ప మా వైపు ఆ కొమ్మను ఎవరూ అలా పట్టుకోరు. పట్టుకున్నవాడు దారి పొడుగునా చనిపోయినాయనతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు.

ఇద్దరా అని మాస్టారు అడిగితే, ముగ్గురం అన్నాడు ముసలాయన. మూడోవాడు బతికుంటే ఈపాటికి పెన్షను వయసు, ముసలివాళ్ళ టికెట్టు చాలు అని బేరం కూడా పెట్టాడు. మాస్టారు పుట్టి పెరిగింది ఈ నేల మీదే. నవ్వకుండా మూడు టికెట్లు చింపి, మూడోదాన్ని కొమ్మ ఆకుల మధ్య దోపి, "మాఖోజా, చుట్టాలొచ్చారు" అని ఖెతివేను పుట్టింటి పేరుతో పిలిచాడు.

కొమ్మ పట్టుకున్నవాడు గడప దగ్గర ఆగి, "నాన్నా, ఇక్కడ గడప ఉంది. లోపలికి పోతున్నాం, రా" అన్నాడు.

ఖెతివే అతని మొహం చూడకముందే చెవులు చూసింది. బయటికి పొడుచుకొచ్చిన ఆ చెవుల మీద ఒకప్పుడు ఎన్ని హాస్యాలాడిందో. తర్వాత ముసలాయన గొంతు విన్నది. పొడుగు కోటు కొత్తది, గొంతు మాత్రం అదే. ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. తల నెరిసి, ఒళ్ళొచ్చి, మ్యూజియం బిళ్ళ గుండెకు పెట్టుకున్న ఈ పెద్దావిడలో గ్వీన్యాల పిల్ల ఎవరికి కనిపిస్తుంది?

ముసలాయన పేరు ఎంషియేని. కొమ్మ పట్టినవాడు తన అన్న కొడుకు ముజివాఖే అనీ, వాడు తల్లి కడుపులో ఉండగానే అన్న పోయాడనీ చెప్పాడు. అప్పట్లో కంపెనీ లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గరి నుంచే కొమ్మ పట్టుకుని అన్నను పిలుచుకుపోయారట, మేకను కోశారట, పని అయిపోయిందనుకున్నారట. కానీ ముజివాఖేకి పుట్టిన పిల్లలు నిలవడం లేదు. ఇద్దరు పోయారు. సోదె అడిగితే, మీ అన్న ఇంకా గని నోటి దగ్గరే నిలబడి ఉన్నాడు, రాలేదు అని చెప్పిందట.

"ఏమన్నాడో తెలుసా తల్లీ? నా బిళ్ళ ఇంకా దిగినవాళ్ళ బోర్డు మీదే ఉంది, అది మార్చకుండా ఎలా ఇంటికొస్తాను, టైంకీపరు జీతం కోస్తాడు అన్నాడంట. చచ్చాక కూడా వదల్లేదు మా అన్నకి ఆ కోత భయం." ఎంషియేని నవ్వబోయి ఆపుకున్నాడు. "నంబరు మాకెవరికీ తెలీదు. మా వదినకీ తెలీదు, పోయింది ఆవిడ కూడా. ఇక్కడ ఒకావిడకి ప్రతి బిళ్ళ సంగతీ తెలుసన్నారు. వెలాఫి ఎంచును. ఏదమ్మా?"

ఖెతివే బోర్డు వైపు తిరిగింది. ఏళ్ళ తరబడి ఎదురు చూసిన ప్రశ్న ఇది, ఏళ్ళ తరబడి భయపడిన ప్రశ్న కూడా ఇదే. చెబితే ఈ కుర్రాడు ఆ బిళ్ళను పక్క బోర్డుకు మారుస్తాడు, కొమ్మతో బయటికి నడుస్తాడు, వెలాఫి అతని వెనకే ఎంసింగా కొండలకు పోతాడు. తాత తండ్రుల సమాధుల పక్కన, పెళ్ళాం పక్కన, ఆవుల కొట్టం పక్కన పడుకుంటాడు. ఆ ఇంటి గుమ్మంలో ఖెతివేకు చాప లేదు. బతికున్నప్పుడు అతన్ని ఆ భార్యతో పంచుకుంది. చచ్చాక మిగిలింది ఈ మేకు ఒక్కటే, అది కూడా ఇమ్మంటున్నారు.

"అదిగో. నాలుగు వందల పన్నెండు" అంది. బడిపిల్లలకు పార చూపించే గొంతుతోనే అంది. ఆ మేకు కింద కూడా చీటీ లేదు.

ముజివాఖే ఆ బిళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మచింగ్వానే అని పిలిచాడు, వంశం పేర్లన్నీ వరసగా ఎత్తి పొగిడాడు, నేను నీ కొడుకుని, నువ్వు చూడనివాణ్ణి, నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చాను అన్నాడు. మాటలు తడబడ్డాయి. చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారి అనుమతితో బిళ్ళను తీసి ఎక్కినవాళ్ళ బోర్డుకు తగిలించి, "పద నాన్నా, డ్యూటీ అయిపోయింది" అంటూ బయటికి నడిచాడు. ఎంషియేని ఖెతివే రెండు చేతులూ పట్టుకుని దీవించి మరీ వెళ్ళాడు.

ఆవిడకు మొదట కలిగింది సంతోషం. దాచడమెందుకు, సంతోషమే. దుమ్ము గుడ్డ తీసుకుని 417 దగ్గరికి పోయి, ఏదో ఒకటి అందామని నోరు తెరిచింది. అప్పుడు తట్టింది. ఇంత దగ్గర నిలబడి కొడుకు పిలిచాడు, వంశం పేర్లన్నీ ఎత్తి పిలిచాడు, వెలాఫి విన్నాడు. విని, తనను కాక పక్కవాణ్ణి తీసుకెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. అలా నిలబెట్టింది ఎవరు?

ఇక ఆ 412 నంబరు మనిషి. ఎవరో, ఏ తల్లి కొడుకో. తెలియని కొండల్లోకి, తెలియని మనుషులు, తనది కాని పేరుతో పిలుచుకుంటూ తీసుకెళ్తున్నారు. అక్కడ మేకను కోసి తినమంటారు. మచింగ్వానే అంటే ఆయన ఎలా పలుకుతాడు? రేపు ఆయన సొంతవాళ్ళు వస్తే ఈ మేకు దగ్గర ఎవరుంటారు? ఖెతివే గుడ్డ అక్కడే పడేసి, శాలువా కూడా లేకుండా బయటికి పరిగెత్తింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో ఆవిడ పరిగెత్తడం చూసి సారా దుకాణం ముందు జనం లేచి నిలబడ్డారు.

మా ఊరి టాక్సీ వ్యాను నిండితేనే కదులుతుంది. ఆ రోజు అదే ఆవిణ్ణి కాపాడింది. క్యాబేజీ మూటలతో వచ్చిన ఒకావిడ, కొమ్మకు సీటేంటి అని గొడవ పెట్టుకుంటోంది. డబ్బు కట్టాం, ఆయన కూర్చుంటాడు అని ఎంషియేని వాదిస్తున్నాడు. ఖెతివే వ్యాను తలుపు పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది.

"దిగండి. మీరు తీసుకెళ్తున్నది మీ అన్నని కాదు. నేను తప్పు చూపించాను."

"పొరపాటా?"

"కాదు. తెలిసే చూపించాను. వెలాఫి నంబరు నాలుగు వందల పదిహేడు."

నీకెలా తెలుసన్నాడు ఎంషియేని. కాలరు లోపల ఎర్రదారంతో కుట్టింది నేను కనక తెలుసు అందావిడ. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. "గ్వీన్యాల పిల్లవి" అన్నాడు చివరికి.

"అవును. మీరు గేటు బయటికి పంపినదాన్నే."

ఆ కసి తీర్చుకోవడానికా ఇదంతా, మా ఇంటి పిల్లలు పోతుంటే నీకు ఆట అయిందా అని ఆయన గొంతు పెంచాడు. ఖెతివే తల అడ్డంగా ఊపింది. "కసి కాదయ్యా. మీరు ఆయన్ని తీసుకెళ్ళిపోతే నాకింకేం మిగలదు. అందుకు." వ్యాను నిండా జనం వింటుండగా చెప్పింది. క్యాబేజీల ఆవిడ నోరు మూసుకుని మూటలు దగ్గరికి లాక్కుంది.

ముజివాఖే ఆవిడతో మాట్లాడకూడదు. మాట్లాడలేదు కూడా. ఒళ్ళో ఉన్న కొమ్మ వైపు తల వంచాడు. "పెద్దాయనా, మీరెవరో నాకు తెలీదు. నాన్నా అని పిలిచాను, క్షమించండి. మనం తప్పు బండెక్కాం. దిగుదాం రండి."

మళ్ళీ ల్యాంపు గదికి వచ్చారు. మాస్టారు తలుపు పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. 412 బిళ్ళను ఖెతివే తన చేత్తో తీసి పాత మేకుకే తగిలించింది. తప్పు చేసింది నేను, ఆయన్ని బతిమాలాల్సింది నేనే అని ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"బాబూ, నీ ఇంటిపేరు నాకు తెలీదు, తెలిస్తే దాంతోనే పిలుద్దును. ఇంటికెళ్తున్నానని ఆశపడి ఉంటావు. నేనే ఆశపెట్టాను. నీవాళ్ళు వచ్చేదాకా ఇక్కడే ఉండు." ముజివాఖే కొమ్మ ఆకులను ఆ మేకుకు ఆనించి, ఆయన దిగేదాకా పట్టుకుని ఉన్నాడు. దిగాడని ఎలా తెలిసిందో గానీ, కాసేపటికి ఎంషియేని గొంతు సవరించుకుని సరే అన్నాడు.

తర్వాత 417 ముందుకు వచ్చారు. ముజివాఖే మళ్ళీ మొదటినుంచీ పిలిచాడు, వంశం పేర్లన్నీ ఎత్తాడు. బిళ్ళ తీయడానికి చెయ్యి ఎత్తి, ఆగాడు.

"నాన్నా," అన్నాడు కొమ్మతో, "నువ్వు ఒంటరిగా చలిలో ఉన్నావని అనుకుంటూ పెరిగాను నేను. ఒంటరిగా లేవు. ఈ అమ్మ నీ దగ్గరే ఉంది. ఆమెకి చెప్పి రా. నేను ఆగుతాను."

బయట గాలికి రేకు కప్పు చప్పుడు చేస్తోంది. చెప్పాలంటే ఖెతివే దగ్గర ముప్పై ఏళ్ళ మాటలున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా బిళ్ళను మేకు నుంచి తీసింది, అలవాటు కొద్దీ గౌను అంచుతో ఒకసారి తుడిచింది.

"వెళ్ళు, వెలాఫీ. పిల్లాడొచ్చాడు. నీ చెవులే వాడివి."

బిళ్ళను ముజివాఖే అరచేతిలో పెట్టింది. అతను దాన్ని ఎక్కినవాళ్ళ బోర్డుకు తగిలించాడు. ఇత్తడి చెక్కకు తగిలి చిన్న చప్పుడయింది. గని నడిచే రోజుల్లో ప్రతి సాయంత్రం గేటు బయట ఆ చప్పుడు కోసమే ఆవిడ చెవి పెట్టుకుని ఉండేది.

వాకిట్లోకి వచ్చాక ముజివాఖే కొమ్మతో మళ్ళీ ఆగాడు. ఆవిడ వైపు చూడకుండా, ఆకుల వైపు చూస్తూ అన్నాడు. "నాన్నా, ఈ అమ్మని నల్లబట్ట కట్టుకోమని చెప్పు. ఏడాది తిరిగాక విప్పడానికి నేనే వస్తానని చెప్పు."

అలాంటి మాట ఇంటి పెద్ద చెప్పాలి. ఎంషియేని ఔననలేదు. కాదనీ అనలేదు. టోపీ పెట్టుకుని, వ్యాను నిండిపోతుంది పదండి అన్నాడు. మలుపు దాకా ముజివాఖే గొంతు వినిపిస్తూనే ఉంది. ఇది రోడ్డు నాన్నా, ఇక్కడ గొయ్యి ఉంది, చూసి రా, అని.

మర్నాడు ఖెతివే నల్లగౌను, నల్ల తలగుడ్డ, నల్ల శాలువాతో వచ్చింది. గవెండర్ మాస్టారు కుర్చీలోంచి లేచి, ఎవరు పోయారు మాఖోజా అని అడిగాడు. నిన్న కళ్ళారా చూసినవాడే, అయినా అడగడం మర్యాద.

"మా ఆయన" అంది ఖెతివే. ఆ మాట ఆవిడ నోట పైకి రావడం అదే మొదలు.

సంచి కుర్చీలో పెట్టి ల్యాంపు గదిలోకి పోయింది. అలవాటుగా బోర్డు ముందు నిలబడి, "సాబోనా" అంది. మేకు ఖాళీగా ఉంది. దాని వెనక చెక్క మీద బిళ్ళ ఆకారంలో గుండ్రటి మచ్చ తెల్లగా మిగిలింది. వెలాఫి ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు, నిప్పు దగ్గర కూర్చుని ఉంటాడు. చలి పోయి ఉంటుంది. అదే కదా కావాల్సింది అనుకుంది, అనుకుంటూనే గోడకు నుదురు ఆనించి ఏడ్చింది. ఈసారి ఏడవడానికి ఆవిడకు బట్ట ఉంది, గడువు ఉంది.

బయట బడిపిల్లల బస్సు వచ్చి ఆగిన చప్పుడయింది. ఖెతివే మొహం తుడుచుకుంది, గుడ్డ తీసుకుంది. ముందు 412 దగ్గరికి పోయి, దుమ్ము తుడిచి, పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"సాబోనా, బాబూ" అంది. "రాత్రి చలిగా ఉందా కింద?"